బ్యాటరీల ఛార్జి: వేడిమిని కనిపెట్టవలసిన ఆవశ్యకత

ఇటీవల మన గ్రామములలో చేతిపంపు పిచికారీలకు మారుగా బ్యాటరీతో నడచు పిచికారీలు విశేషముగా వ్యాపించినవి. వీనివలన శ్రమ తగ్గినమాట నిజమే. కాని వీనికి ప్రాణమైన బ్యాటరీ అనేకులయొద్ద వేళకు ముందే చెడిపోవుచున్నది. ఇందుకు ముఖ్యకారణములలో నొకటి, వేడిగానున్న బ్యాటరీని ఛార్జి చేయుట.

మిరపకు మందుకొట్టి మధ్యాహ్నము ఇల్లుచేరిన రైతు, సాయంకాలపు పనికై పిచికారీని వెంటనే ఛార్జికి తగిలించును. బ్యాటరీ ఎండకు అప్పటికే కాగియుండును. ఆ వేడికి ఛార్జి వేడి తోడగును. రెంటచింతల, కొత్తగూడెము ప్రాంతములలో వేసవిని నీడయందే 45 డిగ్రీల సెంటిగ్రేడు దాటుట కలదు గదా!

ఛార్జి చేయునపుడు విద్యుత్తులో అధికభాగము బ్యాటరీలో నిలువయగును. కొంత వేడిగా మారును. బ్యాటరీ నిండిన పిదపను విద్యుత్తు పోవుచున్నచో, నిండిన గాదెలో ధాన్యము పోసినట్లు, దానికి నిలువ చోటుండదు. అది వేడిగను, వాయువుగను మారి బ్యాటరీని పాడుచేయును. కావున వేడిమి యనునది బ్యాటరీ మనకు చెప్పు మాట.

పిచికారీలలో రెండు తెగల బ్యాటరీలు కలవు. మొదటిది సీసపు బ్యాటరీ. 12 వోల్టుల సీసపు బ్యాటరీకి 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి ఛార్జి వోల్టేజి సుమారు 0.02 వోల్టు తగ్గవలెను. అనగా 45 డిగ్రీలయొద్ద 0.4 వోల్టు తగ్గవలెను. తగ్గనిచో బ్యాటరీ ఎక్కువ విద్యుత్తును లాగును. అందుచే వేడి పెరుగును. వేడి పెరిగినకొలది మరింత లాగును. అప్పుడు వెలువడు హైడ్రోజను గాలిలో నూటికి 4 పాళ్లు చేరిన నిప్పు తగిలి ప్రేలగలదు.

రెండవది లిథియము బ్యాటరీ. దీనిని సాధారణముగా 0 డిగ్రీలకు పైన, 45 డిగ్రీలకు లోపల మాత్రమే ఛార్జి చేయవలెను. మించినచో లోపలి పదార్థములు క్షీణించి బ్యాటరీ ఉబ్బును. వేడి అదుపు తప్పినచో మండును. ఈ బ్యాటరీలు కొన్నింటిలో రెండు తీగెలుగాక మూడవ సన్నతీగె యుండును. దాని కొననుండు ‘థర్మిస్టరు’ అను చిన్న పూస వేడిని ఛార్జరునకు తెలుపును. సాధారణముగా 25 డిగ్రీలయొద్ద దాని నిరోధము 10,000 ఓములు. 45 డిగ్రీలయొద్ద సుమారు సగమగును. దీనినిబట్టి ఛార్జరు హద్దు దాటగనే విద్యుత్తును నిలుపును. ఈ తీగెను కత్తిరించుట కావలివానిని పంపివేయుటయే యగును.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను పాటింపవలెనని కోరుచున్నాము.

1. పని ముగిసిన పిదప పిచికారీని నీడలో నుంచి, బ్యాటరీ చల్లారిన తరువాతనే ఛార్జి పెట్టవలెను. వేసవిలో రాత్రివేళ, మెలకువగా నున్నప్పుడు పెట్టుట మేలు.

2. తీగెతో కూడిన చిన్న థర్మామీటరు కొనను బ్యాటరీకి అంటించి చూడవలెను. జ్వరము చూచు థర్మామీటరు సాధారణముగా 42 డిగ్రీల చేరువవరకే చూపును గనుక పనికిరాదు. థర్మామీటరు లేనివారు నడుమ నడుమ అరచేయి ఆనించి చూడవలెను. చేయి నిలుపలేనంత వేడియున్నచో వెంటనే స్విచ్చి ఆపవలెను.

3. ఏ బ్యాటరీకి నియమించిన ఛార్జరును దానికే వాడవలెను. సీసపు బ్యాటరీ ఛార్జరును లిథియము బ్యాటరీకి తగిలింపరాదు.

4. గాలివచ్చు తావున, గడ్డికిని, పొయ్యికిని, పడకకును దూరముగా ఛార్జి పెట్టవలెను.

5. ఉబ్బిన బ్యాటరీని మరల ఛార్జి చేయరాదు, పొడువరాదు. ఆరుబయట నుంచి, అమ్మినవారికి తిరిగి యీయవలెను.

చల్లారువరకు ఓర్చినందున పోవునది గంటసేపు మాత్రమే. ఓర్వనిచో పోవునది బ్యాటరీ, ఒక్కొక్కప్పుడు ఇల్లును.