మందుకు లొంగే క్రిములు, లొంగని క్రిములు

‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అన్నారు పెద్దలు. వారన్నది మాటతీరు గురించి. కాని నోరే ఒక ఊరు. అందులో కొన్ని వందల జాతుల బాక్టీరియా కాపురముంటున్నాయి. వీటిలో చాలా భాగం మన జోలికి రావు. పళ్ళ మొదళ్ళలో పాచి పేరుకుపోతేనే చిక్కు. చిగురు వాచి, పంటినుంచి విడివడి, సందు ఏర్పడుతుంది. గాలి సోకని ఆ సందులో ప్రాణవాయువు గిట్టని క్రిములు తిష్ఠ వేస్తాయి. వీటిలో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫార్సిథియా, ట్రెపొనీమా డెంటికోలా అనే మూడింటిని 1998లో సోక్రాన్‌స్కీ బృందం ‘ఎర్ర కూటమి’గా జతకట్టింది.

మరి యాంటిబయోటిక్ మింగితే సరిపోదా అని మీరడగవచ్చు. ఏ క్రిమి ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి ప్రయోగశాలలో పరీక్ష ఉంది. మందును హెచ్చుతగ్గు మోతాదుల్లో అగార్‌లో కలిపి, దానిమీద క్రిమిని పెంచుతారు. ఎంత తక్కువ మోతాదుకు పెరుగుదల ఆగిపోయిందో చూస్తారు. చిగుళ్ళ క్రిములతో ఇదంత తేలిక కాదు. ప్రాణవాయువు తీసేసిన పెట్టెలో రోజుల తరబడి ఓపికగా పెంచాలి.

1962లో ఒక తమాషా జరిగింది. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల వచ్చిన జబ్బుకు మెట్రోనిడజోల్ వాడిన ఒక స్త్రీకి చిగుళ్ళ పుండ్లు కూడా మానిపోయాయి! షిన్ అనే ఆయన ఆ సంగతి ‘లాన్సెట్’ పత్రికలో వెల్లడించాడు. ప్రాణవాయువు లేకుండా బతికే కణంలోకి వెళ్ళాకే ఈ మందు చురుకైన రూపం దాల్చి డి.ఎన్.ఎ.ను తెగ్గొడుతుంది. అందుకే గాలి ఉన్నా లేకున్నా బతకగల అగ్రిగేటిబాక్టర్ దీనికి అంతగా లొంగదు. అటువంటప్పుడు అమాక్సిసిలిన్ కూడా కలిపి ఇస్తారు. అయితే ప్రివొటెల్లా జాతుల్లో కొన్ని ఆ అమాక్సిసిలిన్‌నే విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసుకుంటాయి. ఒకే మందు అందరికీ పనికిరాదన్నమాట.

అసలు మెలిక మరొకటుంది. అగార్‌మీద లొంగిన క్రిమి పాచిలో లొంగకపోవచ్చు. పాచి అంటే క్రిములు తమ జిగురుతో కట్టుకున్న కోట. 1683లో హాలండ్ దేశీయుడు లీవెన్‌హుక్ తన పంటిపాచిలో ఈ జీవుల్ని సూక్ష్మదర్శినితో చూశాడు. ఘాటైన వెనిగర్‌తో పుక్కిలించినా పళ్ళ సందుల్లోని పాచిలో అవి లెక్కకు మిక్కిలిగా బతికే ఉన్నాయని ఆనాడే గమనించాడు.

కాబట్టి ముందు కోట కూలాలి. అంటే దంతవైద్యుని చేత పాచీ, గారా గీకించుకోవాలి. గీకిస్తే పళ్ళు వదులవుతాయని మనవాళ్ళలో ఒక భయం ఉంది, అది అపోహ. పళ్ళను వదులు చేసేది లోపల ఎముకను తినేసే జబ్బే. చాలామందికి గీకించి, రోజూ శుభ్రంగా తోముకుంటే చాలు, మందుబిళ్ళల అవసరమే రాదు. అవసరమైన కొద్దిమందికి ఏ మందు, ఎన్నాళ్ళు అన్నది వైద్యుడు నిర్ణయించాలి.

పరీక్షల ముందు చిగురు వాచిందని మందుల షాపులో నాలుగు బిళ్ళలు కొని, నొప్పి తగ్గగానే మరిచిపోయే మిత్రులు మన హాస్టళ్ళలో లేకపోలేదు. ఆ బిళ్ళలకు బలహీనమైనవి చస్తాయి. మొండివి మిగిలి పిల్లాపాపలతో వర్ధిల్లుతాయి. రేపు నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజున అదే మందు పనిచెయ్యకపోతే ఎవర్ని అడుగుతాం? తోముకునేటప్పుడు రక్తం కనబడిందా, మందుల షాపుకు కాదు, దంతవైద్యుని దగ్గరికి వెళ్ళండి.