అక్టోబరు 12: ఒకే తేదీ, రెండు తుఫాన్లు



ఈ నెల క్యాలెండర్‌లో 12వ తేదీని మీ పిల్లలకు ఒకసారి చూపించండి. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదుగా తీరం దాటింది. రెండూ అండమాన్ సముద్రంలో పుట్టి బంగాళాఖాతం మీదుగా వచ్చినవే.

అక్టోబరులోనే ఎందుకు?

తేదీ కలవడం యాదృచ్ఛికమే. నెల కలవడానికి మాత్రం కారణం ఉంది. తుఫాను పుట్టాలంటే సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వేడిగా ఉండాలి. ఆ నీటి ఆవిరి పైకి లేచి మేఘంగా మారేటప్పుడు విడుదలయ్యే వేడే తుఫానుకు ఇంధనం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నీరు వేడిగానే ఉన్నా, పైన వీచే బలమైన రుతుపవన గాలులు మేఘాల సుడిని నిలవనివ్వవు. ఆ గాలులు తగ్గే అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాన్లకు దారి దొరుకుతుంది. 1977 దివిసీమ ఉప్పెన వచ్చింది కూడా నవంబరు 19నే.

గాలి ఆగితే తుఫాను పోయినట్టేనా?

హుద్‌హుద్ నేర్పిన ముఖ్యమైన పాఠం ఇది. ఆ రోజు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. తర్వాత తుఫాను కన్ను నగరం మీదికి రాగానే కాసేపు శాంతించింది. ఆ కన్ను దాటగానే మళ్లీ అంతే జోరుగా, ఈసారి ఎదురు దిక్కు నుంచి వీచింది.

తుఫాను ఒక పెద్ద సుడి. మన అర్ధగోళంలో అది గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. మధ్యలో ప్రశాంతంగా ఉండే భాగమే కన్ను. కన్నుకు ఒక పక్కన గాలి ఎటు వీస్తుందో, రెండో పక్కన దానికి వ్యతిరేకంగా వీస్తుంది. మొదటి గాలికి ఒక వైపు వంగి, వేళ్లు వదులైన చెట్టు రెండో గాలికి కూలవచ్చు. గాలి ఆగింది కదా అని పిల్లలు మేడ మీదికో, రోడ్డు మీదికో పరిగెత్తితే ప్రమాదంలో పడతారు. అధికారులు ప్రకటించేవరకు లోపలే ఉంచండి.

మరణాలు ఎందుకు తగ్గాయి?

దివిసీమలో సముద్రం ఊళ్ల మీదికి వచ్చి దాదాపు పది వేల మందిని బలి తీసుకుంది. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన సూపర్ సైక్లోన్ కూడా దాదాపు అంతమందిని పొట్టన పెట్టుకుంది. అదే ఒడిశాలో 2013లో, గంటకు 200 కిలోమీటర్లకు పైగా గాలులతో పైలిన్ వచ్చినప్పుడు మరణాలు పదుల్లోనే ఆగాయి. కారణం, వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది, ప్రభుత్వం దాదాపు పది లక్షల మందిని ముందుగానే తరలించింది, జనం కదిలారు.

హెచ్చరిక ఎంత కచ్చితంగా ఉన్నా, వినేవాళ్లు లేకపోతే ప్రయోజనం లేదు. ఒక్కోసారి తుఫాను దారి మార్చుకుంటుంది. అప్పుడు మనం ఇంట్లో "అంత హడావిడి చేశారు, ఏమీ రాలేదు" అంటాం. పక్కనే ఉన్న పిల్లలు ఆ మాట వింటారు. మరోసారి హెచ్చరిక వచ్చినప్పుడు వాళ్లకు గుర్తుకొచ్చేది అదే. "ఏమీ కాలేదు, మంచిదే అయింది" అని చూడండి.

ఇంట్లో పిల్లలతో చేయదగినవి

• ఓడరేవుల ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయని చెప్పండి. 10 అంటే తీవ్ర తుఫాను ఆ రేవు మీదుగా లేదా చాలా దగ్గరగా తీరం దాటబోతోందని అర్థం. 11 అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.
• హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలాచోట్ల కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. అందుకే అమ్మానాన్నల నంబర్లు, ఒక బంధువు నంబరు పిల్లలకు కంఠతా వచ్చి ఉండాలి.
• టార్చ్, తాగునీరు, మందులు, సర్టిఫికెట్లు వేసిన ప్లాస్టిక్ కవర్ ఎక్కడ ఉన్నాయో ఇంట్లో అందరికీ తెలియాలి.
• వాట్సాప్‌లో వచ్చిన పాత వీడియోలను ఫార్వర్డ్ చేసే ముందు, వాతావరణ శాఖ బులెటిన్‌ను పిల్లలతో కలిసి చదవండి.

తీరానికి దూరంగా ఉన్నాం, మనకెందుకులే అనుకోవద్దు. హుద్‌హుద్ మిగిల్చిన మేఘాలు రెండు రోజుల్లో నేపాల్ చేరి హిమాలయాల్లో మంచు తుఫాను సృష్టించాయి. అన్నపూర్ణ ప్రాంతంలో నలభై మందికి పైగా చనిపోయారు. ఈ 12వ తేదీ సాయంత్రం అట్లాస్ తెరిచి, విశాఖ నుంచి అన్నపూర్ణ దాకా ఆ దారిని మీ పిల్లల చేత గీయించండి.