గోడ లేని ప్రతిధ్వని

మెంఫిస్ నగరం, యూనియన్ అవెన్యూ, 706వ నంబరు. శామ్ ఫిలిప్స్ నడిపిన ఆ రికార్డింగు గది పొడవు దాదాపు 33 అడుగులు, వెడల్పు 18. 1954 జులై 5 రాత్రి అందులో పాడి వాయించింది ముగ్గురే. 19 ఏళ్ల ఎల్విస్ ప్రెస్లీ, గిటారుతో స్కాటీ మూర్, నిలువెత్తు బేస్‌తో బిల్ బ్లాక్. డ్రమ్స్ లేవు. అయినా ఆ రోజుల్లో ఫిలిప్స్ సంస్థ సన్ రికార్డ్స్ నుంచి వచ్చిన పాటలు వింటే, పెద్ద హాల్లో ఇంకెవరో పక్కన నిలబడి తాళం వేస్తున్నట్టు ఉంటుంది.

ఆ నాలుగో మనిషి ఒక టేపు రికార్డరు.

స్టూడియో టేపు యంత్రంలో మూడు హెడ్లు వరసగా ఉంటాయి. మొదటిది పాతదాన్ని చెరిపేస్తుంది, రెండోది కొత్తది రాస్తుంది, మూడోది ఆ రాసిందాన్ని చదివి వినిపిస్తుంది. రెండో హెడ్డు దాటిన టేపు మూడోదాన్ని చేరడానికి కాస్త సమయం పడుతుంది. మధ్య దూరం 2 అంగుళాలు, టేపు వేగం సెకనుకు 15 అంగుళాలు అనుకుంటే లెక్క నోటితోనే తేలిపోతుంది: 133 మిల్లీసెకన్లు. ఫిలిప్స్ దగ్గర రెండు ఆంపెక్స్ యంత్రాలుండేవి. ఒకటి పాటను పట్టుకుంటుంటే, రెండోది అదే పాటను ఈ ఆలస్యంతో తిరిగి అందించేది. రెండూ కలిసి ఒకే ట్రాకు మీదికి ఎక్కేవి. తర్వాత ఎకో వద్దనుకున్నా చేసేదేమీ లేదు. ఈ పద్ధతికి స్లాప్‌బ్యాక్ అని పేరు.

ఆ 133 మిల్లీసెకన్లకు సరిపడా గోడ కట్టాలంటే ఎంత దూరంలో కట్టాలి? శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వెళ్లి, తగిలి, తిరిగి రావాలి కాబట్టి గోడ దాదాపు 23 మీటర్ల అవతల, అంటే 75 అడుగుల దూరంలో ఉండాలి. 33 అడుగుల గదిలో! అది ఇటుకల గోడా, రెండంగుళాల ఖాళీయా అని చెవి ఆరా తీయదు.

యంత్రం పుట్టింది మాత్రం ఇందుకోసం కాదు. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ సంస్థ చూపిన మాగ్నెటోఫోన్ దీని తాత. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జాక్ మలిన్ అనే అమెరికా సైనిక ఇంజినీరు రెండు మాగ్నెటోఫోన్లను విడదీసి, ముక్కలుగా పోస్టులో ఇంటికి పంపుకున్నాడు. రేడియో కార్యక్రమాలను ముందే రికార్డు చేసుకోవాలని తపించిన గాయకుడు బింగ్ క్రాస్బీ పెట్టుబడి పెట్టడంతో, 1948లో ఆంపెక్స్ యంత్రాలు బయటికొచ్చాయి.

టేపు యంత్రాలు కొనలేనివాళ్లు, లేదా వాటితో తృప్తిపడనివాళ్లు, నిజం గోడలనే వాడుకున్నారు. లండన్‌లో రికార్డు నిర్మాత జో మీక్ స్టూడియో 304 హాలోవే రోడ్డులో ఒక తోలు వస్తువుల దుకాణం పై అంతస్తుల్లో ఉండేది. నిజానికి అది ఇల్లే; ప్రతిధ్వనికి అక్కడి గదులే దిక్కు, స్నానాలగదితో సహా. అక్కడ తయారైన ‘టెల్‌స్టార్’ అనే బాణీ 1962లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. రెండేళ్ల తర్వాత హనీకూంబ్స్ బృందం పాటకు డ్రమ్స్ దరువు చాలలేదనిపిస్తే, వాళ్ల చేత చెక్క మెట్ల మీద కాళ్లతో తొక్కించాడు. మెట్ల రెయిలింగుకు మైకులు బిగించింది సైకిల్ క్లిప్పులతో.

ఈలోగా రెండంగుళాల ఖాళీ ఒక పెట్టెలోకి దూరింది. ఎకోప్లెక్స్ అనే ఆ పెట్టెలో హెడ్డును అటూ ఇటూ జరిపితే ఆలస్యం పెరిగేది, తగ్గేది. 1982 జనవరిలో న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో, ఇంటి పడకగదిలో కూర్చుని గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ నాలుగు ట్రాకుల టియాక్ 144 కాసెట్ యంత్రం మీద, రెండు షూర్ ఎస్ఎం57 మైకులతో పాటలు రికార్డు చేశాడు. వాటిని ఎకోప్లెక్స్ గుండా పంపి మరో కాసెట్ మీదికి దించాడు. ఆ తర్వాత స్టూడియోలో బృందంతో మళ్లీ ప్రయత్నించినా ఆ వాతావరణం రాలేదు. చివరికి ఆ కాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ అయింది.

ఇప్పుడు ఇంట్లో చేయాలంటే కంప్యూటరూ, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరూ చాలు. పాడిన ట్రాకుకు నకలు తీసి, 133 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపించేలా కుడివైపుకు జరిపి, శబ్దం సగానికి తగ్గించాలి. నకలు ఒక్కటే చాలు. మన ఊళ్లలో మైకు సెట్ల వాళ్లు ఎకో నాబ్‌ను చివరిదాకా తిప్పి ఒక్క ‘హలో’ను నాలుగు చేస్తారు, స్లాప్‌బ్యాక్‌కు ఆ ఉదారత పనికిరాదు.

ఇంత చేసినా పాట కొంచెం పొడిగా వినిపిస్తుంది. అసలు టేపు తిన్నగా నడిచేది కాదు. రవ్వంత జంకుతూ, పైస్థాయి స్వరాలను మింగుతూ, గట్టిగా పాడినచోట నలిగిపోతూ సాగేది. అటకమీది కాసెట్ రికార్డరు అక్కరకొచ్చేది ఇక్కడే. మామూలు రికార్డరులో రాసేదీ చదివేదీ ఒకటే హెడ్డు, కనుక ఖాళీ ఉండదు, ఆలస్యమూ రాదు. కానీ నకలును ముందు కాసెట్ మీదికి ఎక్కించి, తిరిగి కంప్యూటరులోకి దించుకుని, ఆపైన జరపవచ్చు. జంకు కాసెట్ ఇస్తుంది, ఖాళీ కంప్యూటర్ ఇస్తుంది. మొదలుపెట్టేముందు మూత తెరిచి, హెడ్డు మీద పేరుకున్న గోధుమరంగు పొడిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి.