మొద్దు కాదు... అక్షరమే మొరాయిస్తోంది!

ఐదో తరగతి చదివే కుర్రవాడు. ట్రాక్టరు ఎన్ని ట్రిప్పులు తోలిందీ, ఎవరు ఎంత బాకీ వున్నదీ కాగితం లేకుండా తండ్రికి అప్పజెబుతాడు. మోటారు శబ్దం వింటే అది ఎవరి బోరో చెప్పేస్తాడు. కాని పుస్తకం తెరిస్తే నోరు పెగలదు. 'అక్క' అని రాయమంటే 'అక' అని రాస్తాడు. 'తమ్ముడు' కాస్తా 'తముడు' అవుతాడు. ఒక పేజీలో సరిగ్గా రాసిన మాటనే మరో పేజీలో తప్పు రాస్తాడు.

"కొట్టి చూశాం, బతిమాలి చూశాం, తాయెత్తు కట్టించాం. ఇక లాభం లేదని గొర్రెల వెంట పంపుదామనుకున్నాం" అని కౌలు సేద్యం చేసుకునే ఆ కుర్రవాని తండ్రి ఈ విలేకరితో చెప్పాడు.

బడి మాన్పించే ముందు తల్లి చివరి ప్రయత్నంగా బిడ్డను మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి తీసుకువెళ్లింది. అక్కడి ఉపాధ్యాయురాలు కుర్రవాని చేత చదివించి, రాయించి, కబుర్లు చెప్పించి చూశారు. "మీవాడికి తెలివి తక్కువ కాదమ్మా. అక్షరానికీ శబ్దానికీ ముడి పడటంలో చిక్కు వుంది. డిస్లెక్సియా కావచ్చు, పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించండి" అన్నారు. పరీక్షలో అదే తేలింది.

కొత్తగా వచ్చింది కాదు

ఈ పేరును 1880లలో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి వైద్యుడు పెట్టాడు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే వైద్యుడు పర్సీ అనే 14 ఏళ్ల బాలుని గురించి రాశాడు. ఆ బాలుడు ఆటపాటల్లో చురుకు, తెలివైనవాడు. చదవడం మాత్రం రాదు. పాఠమంతా నోటితోనే చెబితే బడిలో వాడే మేటి అవుతాడని వాని మాస్టరు అన్నాడట. మన ఊళ్లలో కూడా ఇలాంటి పర్సీలు లేకపోలేదు. మనం వారికి 'మొద్దు' అని పేరు పెట్టి వెనక బల్లమీద కూర్చోబెడుతున్నాం.

ఇది కంటిచూపు లోపం కాదు, బద్ధకం అంతకన్నా కాదు. మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో జతపరచడంలో మెదడు పనిచేసే తీరు వేరుగా వుంటుంది. తరచు వంశంలో వస్తుంది. దీనికి మాత్రలు, సూదిమందులు లేవు. వున్న మందల్లా ఓపికగా, తగిన పద్ధతిలో చదువు చెప్పడమే.

గుర్తించడం ఎలా?

ఒకటో తరగతిలో ఏ పిల్లవాడైనా తడబడతాడు. రెండు, మూడు తరగతులు దాటినా ప, వ, ష లను కలగలిపేస్తుంటే, ఇంగ్లీషులో 'బి', 'డి' అక్షరాలను తారుమారు చేస్తుంటే, గుణింతాలు, వత్తులు వదిలేస్తుంటే అనుమానించాలి. పాఠం చదివి వినిపిస్తే జవాబు చెబుతాడు, తానే చదవమంటే చతికిలబడతాడు. ఇదే ముఖ్యమైన గుర్తు. ముందుగా కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి.

తెలుగులో వత్తులే వీరికి పెద్ద గండం. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే వుండదు. ఇంగ్లీషుతో మరీ కష్టం. అక్కడ రాసేది ఒకటి, పలికేది మరొకటి.

ఇసుక పళ్లెం, చింతగింజలు

ఉపాధ్యాయురాలు చెప్పిన పద్ధతికి పైసా ఖర్చు లేదు. పళ్లెంలో ఇసుక పరచి, అక్షరాన్ని వేలితో దిద్దుతూ పైకి పలకాలి. కన్ను, చెవి, నోరు, చేయి నాలుగూ కలిసి పనిచేస్తాయి. మన వీధిబడుల్లో తాతలు ఇసుకలో దిద్దిన పద్ధతికి ఇది దగ్గరే. 1930లలో అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనేవారు ఇటువంటి మార్గాన్నే పద్ధతిగా రూపొందించారు.

'పలక' అంటే మూడు చింతగింజలు. ఒక్కో గింజ జరుపుతూ 'ప', 'ల', 'క' అని పలికించి, తర్వాత రాయించాలి. 'గుడి, గుడ్డి', 'గడి, గడ్డి' అంటూ జంటగా వినిపించాలి. చెవికి తేడా అందితేనే చేతికి వత్తు వస్తుంది. ద, ధ వంటి పోలికగల అక్షరాలను ఒకేరోజు నేర్పకూడదు.

తప్పు రాసిన మాటను వందసార్లు రాయిస్తే ప్రయోజనం లేదు. చూసి, పలికి, మూసిపెట్టి రాసి, మళ్లీ తెరచి సరిచూసుకోవాలి. రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. కాని ఒక్కరోజు కూడా తప్పకూడదు. తోటిపిల్లల ముందు పైకి చదవమని నిలబెట్టరాదు.

ఎనిమిది నెలలు గడిచాయి. కుర్రవాడిప్పుడు రెండో తరగతి వాచకం నెమ్మదిగా చదువుతున్నాడు. బస్సు బోర్డు కూడబలుక్కుంటున్నాడు. వత్తులు ఇంకా జారిపోతూనే వున్నాయి. "నాకు చదువు రాదయ్యా. వాడే ఇసుకలో రాసి నాకు నేర్పుతున్నాడు" అని తల్లి మురిసిపోయింది. గొర్రెల మాట తండ్రి మళ్లీ ఎత్తలేదు.

చట్టం వుంది, చేరువలో లేదు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదీ చేరింది. వైకల్యం వున్నట్టు ధ్రువపత్రం పొందినవారు పరీక్షలో రాసిపెట్టే సహాయకుణ్ణి కోరవచ్చు. అలా కోరినవారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

అయితే ఈ పరీక్ష చేసే నిపుణులు పట్నంలోనే వున్నారు. ఈ కుటుంబం మూడుసార్లు కూలి పోగొట్టుకుని తిరగవలసి వచ్చింది. నెలకొక్కసారైనా మండల కేంద్రంలో పరీక్ష జరిపించాలనీ, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులందరికీ ఈ పద్ధతిలో శిక్షణ ఇవ్వాలనీ తల్లిదండ్రులు కోరుతున్నారు. అధికారులు కదిలేలోగా మనం చేయగలిగిందీ ఒకటుంది. ఇంట్లో బిడ్డ అక్షరం దగ్గర తడబడితే బెత్తం పక్కనబెట్టి, పళ్లెంలో గుప్పెడు ఇసుక పోయడం.