నీటి మీద గీత.. ఎవరిని అడిగి గీయాలి?

సముద్రాన్ని కాపాడాలి, మత్స్యకారుల పొట్ట కొట్టకూడదు. ఈ రెండూ కుదిర్చే పనిలో యువతకూ చోటుంది!

‘తండేల్’ చూశారా? జూబ్లీహిల్స్‌లోని గీతా ఆర్ట్స్ నుంచి 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఈ సినిమాకు మూలం శ్రీకాకుళం మత్స్యకారుల నిజగాథ. పొట్ట చేతబట్టుకుని గుజరాత్ వెళ్లిన వాళ్లు 2018లో వేటలో ఉండగా పాకిస్థాన్‌కు చిక్కారు. చాలామంది ఇల్లు చేరింది 2020 జనవరిలోనే. నీటి మీద కనిపించని గీత ఊరి బతుకును ఎలా తలకిందులు చేస్తుందో తెరపై చూశాం.

గీతలు దేశాల మధ్యే ఉండవు. తాబేళ్లు, మడ అడవులు, చేపల సంతతి కోసం గీసే రక్షిత ప్రాంతాల హద్దులూ అలాంటివే. 2030 నాటికి సముద్రంలో 30 శాతాన్ని రక్షించాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. అంటే మరిన్ని గీతలు రాబోతున్నాయి. మరి ఆ భారం ఎవరిపై పడుతుంది?

కోరింగ చెప్పే పాఠం

కాకినాడ దగ్గరి కోరింగను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అక్కడి కాల్వలు నీటి పిల్లులకు ఆవాసం. చుట్టుపక్కల ఊళ్లకు అవే చేపలు, పీతలు ఇచ్చే జీవనాధారం కూడా. ‘లోపలికి రావొద్దు’ అని బోర్డు పెడితే సరిపోదని అక్కడి అనుభవమే చెబుతోంది. ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి ఊరి కమిటీలను భాగస్వాములను చేశాయి. కాల్వలు తవ్వి ఆటుపోట్ల నీరు పారేలా చేసి, పాడైన మడ అడవిని మళ్లీ పెంచాయి.

చట్టంలో ఉంది.. అమల్లో?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 26ఏ ఓ ముఖ్యమైన మాట చెబుతుంది. ప్రాదేశిక జలాలను అభయారణ్యంలో చేర్చేటప్పుడు, స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకున్నాకే హద్దులు నిర్ణయించాలి. అంటే ముందు మాట, తర్వాత గీత.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధాన్నే చూడండి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. ఆంధ్రప్రదేశ్‌లో వేటకు వెళ్లేవారికి ఇచ్చే సాయం 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెరిగింది. కానీ గంపలో చేపలు అమ్మే, ఎండబెట్టే మహిళలకూ ఆ రెండు నెలలు చేతిలో పని ఉండదు. లెక్కలో బోటు ఎక్కినవాళ్లే కనిపిస్తే, ఒడ్డున ఉన్నవాళ్ల నష్టం ఎవరికీ పట్టదు. అందుకే ఏ ప్రణాళికనైనా మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. నిర్ణయంలో ఎవరు కూర్చున్నారు? నష్టం ఎవరిది, లాభం ఎవరిది? తరతరాలుగా వాళ్లకు తెలిసిన సముద్ర జ్ఞానానికి చోటుందా?

మీకేం పని?

* బైపీసీ విద్యార్థులు: బీఎఫ్‌ఎస్సీ చదవొచ్చు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. పీజీకి ముంబయిలోని సీఐఎఫ్‌ఈ పేరున్న సంస్థ.
* టెక్నాలజీ, జీఐఎస్ వచ్చినవారు: హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లను ఉపగ్రహ సమాచారంతో సూచిస్తుంది. ఏ ఊరివాళ్లు ఎక్కడ వేటాడతారో మ్యాప్ చేసే నైపుణ్యం హద్దుల చర్చల్లో కీలకం.
* లా, సోషల్ వర్క్, సోషియాలజీ వారు: హక్కుల పరిష్కారం, గ్రామసభల నిర్వహణ, జీవనోపాధి సర్వేలు.
* జర్నలిజం, సినిమా కోర్సుల వారు: ఫిల్మ్‌నగర్‌లో కథల కోసం వెతికేవాళ్లకు తీరం నిండా కథలే. డాక్యుమెంటరీతో మొదలుపెట్టొచ్చు.

గ్రూప్స్, సివిల్స్‌కు సిద్ధమయ్యేవారికీ ఇది పనికొచ్చే అంశమే. పర్యావరణంపై జవాబు రాసేటప్పుడు జీవుల పేర్లతో ఆపేయకండి. సెక్షన్ 26ఏ, వేట నిషేధ సాయం, మహిళల లెక్క.. ఈ మూడూ చేర్చండి. వీలైతే ఈ సెలవుల్లో ఓ మత్స్యకార గ్రామానికి వెళ్లి రెండు రోజులు ఉండండి. ప్రశ్నలు మీరు తీసుకెళ్లండి, జవాబులు వాళ్లను చెప్పనివ్వండి.