వేసవిలో న్యాయ విద్యార్థి

న్యాయవాది కాగోరేవారికి పుస్తకాల చదువు ఒక్కటే చాలదు. అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు న్యాయవాదుల దగ్గరో, న్యాయస్థానాల్లోనో పని నేర్చుకోవాలని భారత బార్ కౌన్సిల్ 2008 నియమాలు చెబుతున్నాయి.

చెన్నై వెళ్లిన విద్యార్థి సీనియరుగారి వెంట ఫైళ్లు మోస్తాడు, వాయిదాలు రాసుకుంటాడు. మే నెలలో హైకోర్టుకు సెలవులు, అత్యవసరమైనవే విచారిస్తారు. పాత దస్తావేజులు చదవడానికి అదే తీరిక. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోది. అక్కడి పాత పత్రాలు తెలుగులోనూ ఉంటాయి. హద్దుల్లో తూర్పును పడమరగా చదివితే ఒక రైతు పొలమే మారిపోతుంది! అప్పుడు తెలుగు చదవగల కుర్రవాడే ఆ గదిలో పెద్ద.

శనివారం ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడవచ్చు. ఆదివారం సాయంత్రం మెరీనా. అక్కడి దీపస్తంభం 1977లో వెలిగేదాకా ఓడలకు దారిచూపిన దీపం హైకోర్టు గోపురం మీదే ఉండేది. వారమంతా దాని కిందే తిరిగినవాడు సోమవారంగాని తలెత్తి చూడడు.