నీడ నేర్పే లెక్క

అశోక్ నగర్ వీధుల్లో అడుగడుగునా పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలే. అక్కడ లెక్క అంటే గడియారంతో పరుగు, మార్కుల కోసం పోరాటం. అక్కడికి నడక దూరంలోనే ఇందిరా పార్కు ఉంది. దానికి 1975లో నాటి రాష్ట్రపతి ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. పిల్లలకు ఇంటి వద్దనే చదువు చెప్పుకునే కుటుంబాలు నాలుగైదు కలిసి అక్కడ ఒక పూట గడిపితే, గణితం పట్ల పిల్లల భయం చాలావరకు తొలగిపోతుంది.

చిన్నవారితో పూలు లెక్కపెట్టించండి. ఒంటిరెక్క మందారానికి ఐదు రేకులు. ఏడు పూలకు ఎన్ని? ఐదో ఎక్కం వారి చేతుల్లోనే పూస్తుంది. రాలిన వేపరెమ్మ ఇచ్చి ఆకులు సరిసంఖ్యా, బేసిసంఖ్యా అని ముందుగా ఊహించమనండి, తరువాత లెక్కించమనండి.

పెద్దవారికి మీటరు కర్ర, కొలత టేపు చాలు. కర్రను నిటారుగా నిలిపి నీడను కొలవాలి. అదే సమయంలో చెట్టు నీడనూ కొలవాలి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 8 మీటర్లు అయితే చెట్టు ఎత్తు 10 మీటర్లు. చెట్టెక్కకుండానే నిష్పత్తి బోధపడుతుంది.

ఆ కర్రే నమాజు వేళను కూడా తెలుపుతుంది. మధ్యాహ్నపు అతి పొట్టి నీడను గుర్తుపెట్టుకోవాలి. దానికి కర్ర పొడవంత నీడ అదనంగా చేరినప్పుడు అధికశాతం ధర్మవేత్తల ప్రకారం అస్ర్ వేళ ప్రారంభమవుతుంది. హనఫీ మతం ప్రకారం రెండింతలు చేరాలి. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం నిటారు కర్రకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మిగిలిన కాలమంతా ఉత్తరానికే.

ఈ విద్య మనకు కొత్తది కాదు. 14వ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలను గణించే బాధ్యతను ఖగోళవేత్త ఇబ్నుష్షాతిర్ నిర్వహించారు. 1371లో ఆ మసీదు కోసం ఆయన నీడ గడియారాన్ని రూపొందించారు.

ప్రతి వస్తువూ ఒక పరిమాణంతో సృష్టించబడిందని దివ్య ఖుర్ఆన్ (54:49) బోధిస్తుంది. ఆ ఆయత్‌ను కంఠస్థం చేసిన బిడ్డకు ఒక్క పరిమాణాన్నైనా స్వహస్తాలతో కొలిచే అవకాశం కల్పించాలి. జవాబు ముందే చెప్పకండి. కొలత తప్పితే మళ్లీ కొలవనివ్వండి. తొందరపడి “నీకు లెక్కలు రావు” అన్న ఒక్క మాట ఆ బిడ్డను ఏళ్ల తరబడి వెనక్కి లాగుతుంది. ఓర్పుతో ఆగితే, మసీదు గోడ మీది నమాజు వేళల పట్టికలో సూర్యుని గమనాన్ని చదవగల బిడ్డ మీ ఇంట తయారవుతాడు.